ఇంటివద్ద నిర్మించే స్పోర్ట్స్ కారులో ఇంజను, గేరుబాక్సుల అమరిక

పాత కారునుండి విప్పి తీసిన ఇంజనును, గేరుబాక్సును స్వయంగా తయారుచేసుకొన్న ఉక్కుగొట్టాల చట్రంలో బిగించుట ఇంటివద్ద స్పోర్ట్స్ కారు నిర్మించేవారికి అత్యంత కీలకమైన ఘట్టం. బ్రిటన్‌లో ప్రాచుర్యం పొందిన లోకాస్ట్ కారు ఇందుకు మంచి ఉదాహరణ.

నేపథ్యం

కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో లోటస్ సెవెన్ అనే తేలికపాటి కారును విడుదల చేసింది. దీనిని విడిభాగాలుగా కొన్నవారికి అప్పట్లో కొనుగోలు పన్ను ఉండేది కాదు. అయితే భాగాలతోపాటు బిగించే విధానం తెలిపే పుస్తకం ఇవ్వరాదు. అందుచేత లోటస్ వారు "విప్పే విధానం" ఇచ్చేవారనీ, కొన్నవారు దానిని చివరినుండి మొదటికి చదువుకొనేవారనీ చెబుతారు. 1973లో విలువ ఆధారిత పన్ను రావడంతో ఈ వెసులుబాటు పోయింది. ఆ ఏడాదే ఈ కారు హక్కులు కేటర్‌హామ్ సంస్థకు దక్కాయి.

ఇటువంటి కారును 250 పౌండ్లకే నిర్మించుకోవచ్చునని తన పేరులోనే ప్రకటించిన రాన్ ఛాంపియన్ పుస్తకం 1996లో వెలువడింది. ఆ నమూనాయే లోకాస్ట్. దీనికి ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసు పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌నుండి తీసుకొనేవారు. 1980లో వచ్చిన కొత్త ఎస్కార్ట్ ముందు చక్రాలతో నడిచేది కావున అది ఇందుకు సరిపడదు.

స్థాన నిర్ణయం

బోల్టులు బిగించడం ఈ పనిలో చిన్న భాగమే. ఇంజను ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించడమే అసలు పని. మౌంటింగు పలకలను పూర్తిగా వెల్డింగు చేసిన పిదప మార్చుట కష్టం. కనుక ఇంజనును చెక్కదిమ్మెలపై నిలిపి, కొలతలు సరిచూచి, పలకలను చుక్కల వెల్డింగుతో తాత్కాలికంగా అతుకుతారు. ఇంజనును బయటకు తీసిన తరువాతనే వెల్డింగు పూర్తిచేస్తారు.

ఇంజను ఎత్తు పెరిగితే బానెట్ మూతపడదు, తగ్గితే అడుగునున్న ఆయిల్ సంపు రోడ్డుకు తగులుతుంది. అందువలన చాలామంది సంపును కోసి లోతు తగ్గిస్తారు. అప్పుడు నూనెను పీల్చే గొట్టాన్ని కూడా కురచ చేయాలి. సంపులో అడ్డురేకులు లేనిచో మలుపులలో నూనె ఒక ప్రక్కకు పోయి, గొట్టం గాలిని పీల్చి, బేరింగులు క్షణాలలో పాడవగలవు. ఇంజను వెనుకకు జరిగేకొద్దీ బరువు ముందు వెనుకలకు చక్కగా పంపిణీ అవుతుంది గాని, పెడల్స్ వద్ద పాదాలకు చోటు తగ్గుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు

గేరుబాక్సునుండి వెనుక ఇరుసుకు శక్తిని చేర్చే ఈ షాఫ్టుకు రెండు చివరలా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. వంగి తిరిగే జాయింటు ప్రతి చుట్టులో రెండుమార్లు వేగాన్ని హెచ్చుతగ్గులు చేస్తుంది. గేరుబాక్సు అక్షం, డిఫరెన్షియల్ అక్షం సమాంతరంగా ఉన్నచో ఒక జాయింటు తెచ్చిన హెచ్చుతగ్గును రెండవది రద్దుచేస్తుంది, లేనిచో కారు అదురుతుంది. అట్లని షాఫ్టును పూర్తిగా తిన్నగా ఉంచుట కూడా మంచిది కాదు. జాయింటులోని సూది బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి.

ఎస్కార్ట్ షాఫ్టు ఈ కారుకు పొడవెక్కువ. దానిని కోసి, లేత్‌పై తిన్నగా అతికించి, బ్యాలెన్సు చేయించాలి. ఇరుసు పైకి లేచినపుడు షాఫ్టు జరుగుటకు చోటు వదలకపోతే అది గేరుబాక్సునే గుద్దుతుంది. ఈ షాఫ్టు ఇద్దరి సీట్ల నడుమ, నడుముల ప్రక్కనే తిరుగుతుంది కనుక ఇక్కడ పొదుపు తగదు.

దించుట

ఇంజనును, గేరుబాక్సును బయటనే కలిపి, ముక్కు పైకెత్తి, తోకను సీట్లమధ్య సొరంగంలోకి జారుస్తూ చైన్ పుల్లీతో దించుతారు. కలిపేటపుడు క్లచ్ ప్లేటును మధ్యకు సరిచేయాలి. గేరుబాక్సు బరువు దాని ఇన్‌పుట్ షాఫ్టుపై వేలాడితే ప్లేటు వంగిపోతుంది.

ఇంజను రబ్బరు మౌంటింగులపై కూర్చుంటుంది, రబ్బరు విద్యుత్తును పోనీయదు. ఇంజనుకు, చట్రానికి నడుమ లావుపాటి ఎర్త్ తీగ మరచినచో స్టార్టరు విద్యుత్తు యాక్సిలరేటరు కేబుల్ వంటి దారిని వెతుక్కొంటుంది. కేబుల్ కాలి బిగుసుకుపోయిన సందర్భంలో యాక్సిలరేటరు తెరచుకొనే ఉండిపోవచ్చును.