గ్రహణం గది నుంచి ఇంటర్వ్యూ గది దాకా

మా చిన్నమ్మ కూతురు వంద పేజీల నోటుబుక్కుతో మా ఇంటికొచ్చింది. నల్లగొండలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ఒక పరిశోధనా సంస్థలో ప్రాజెక్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. నోటుబుక్కు నిండా ప్రశ్నలు. ఆకాశం నీలంగా ఎందుకుంటుంది? కొలతలో దోషాన్ని ఎలా లెక్కగడతారు? అతి తక్కువ నిరోధాన్ని కొలవాలంటే నాలుగు తీగెలెందుకు? అన్నీ నీలం ఇంకుతో. చివరి పేజీలో ఎర్ర ఇంకుతో ఒకే ఒక్క ప్రశ్న: "పెళ్లయినంక ఏం జేస్తవ్?"

అంతకు ముందు వేరే చోట జరిగిన ఇంటర్వ్యూలో అడిగారట. జవాబు రాక నవ్వి ఊరుకుందట. "అన్నిటికీ పుస్తకంల జవాబుంది అక్కా, దీనికి లేదు" అంది.

నాది సాహిత్యంలో డాక్టరేటు. ఫిజిక్సులో నేనేం సాయం చేయగలను? అదే మాటన్నాను. "నీకు సమజైతే వాళ్లకు చెప్పినట్టే" అంది. అలా పదిరోజులు తను చెప్పింది, నేను విన్నాను. నాలుగు తీగెల సంగతి చెప్పడానికి ముందు తడబడింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. తెలుగులో చెప్పమన్నాను. బయటి రెండు తీగెల్లోంచి కరెంటు పోతుంది, లోపలి రెండు వోల్టేజిని కొలుస్తాయి. కొలిచే తీగెల్లోంచి కరెంటు దాదాపు పోదు కాబట్టి, ఆ తీగెల నిరోధం, అవి వస్తువును తాకే చోట ఉండే నిరోధం లెక్కలోకి రావు. రెండే తీగెలైతే, కొలిచేవాడి నిరోధం కూడా వస్తువు ఖాతాలో పడుతుంది. ఇది విన్నాక నా పరిశోధన గుర్తొచ్చింది. ఊళ్లలో ముసలమ్మల జీవితాలు రికార్డు చేస్తున్నప్పుడు ప్రశ్న వేసేదీ నేనే, రాసుకునేదీ నేనే. వాళ్ల మౌనంలో నా భాగమెంతో ఎప్పుడైనా లెక్కగట్టానా? సరే, అది వేరే వ్యాసం.

తెలుగులో గలగలా చెప్పగలిగిన పిల్ల ఇంగ్లీషులోకి రాగానే ఎందుకు చిన్నబోతుంది? ఈ ప్రాంతంలో శాస్త్రం ఎప్పుడూ ఇంకొకరి భాషలోనే వచ్చింది. 1918లో మొదలైన ఉస్మానియాలో ఫిజిక్సును ఉర్దూలో చెప్పారు. పాఠ్యపుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి 1917లోనే ప్రత్యేకంగా అనువాద విభాగాన్ని పెట్టారు. దేశభాషలో విజ్ఞానం చెప్పొచ్చని రుజువు చేసిన గొప్ప ప్రయత్నమది. కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆడపిల్ల ఇంట్లో మాట్లాడే భాష అది కాదు. తర్వాత ఇంగ్లీషు వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చి పుస్తకాలు వేసింది. నల్లగొండకు యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌కు 2008లో వచ్చాయి. అంతకు ముందు ఈ పిల్ల వయసు వాళ్లు ఎమ్మెస్సీ అంటే హైదరాబాదులో హాస్టలు, హాస్టలంటే ఇంట్లో పంచాయితీ.

ఇక ఎర్ర ప్రశ్న. దాని చరిత్ర వెతకడం నాకు చేతనైన పని. 1933లో కమలా భాగవత్ (తర్వాత కమలా సొహొనీ) బొంబాయి యూనివర్సిటీలో మొదటి వరసలో పాసై బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు వెళ్తే, డైరెక్టరు సి.వి. రామన్ ఆడపిల్ల అని కాదన్నాడు. ఆమె పట్టు వదల్లేదు. చివరికి షరతులతో చేర్చుకున్నాడు: ఏడాది పాటు పరీక్ష మీద ఉండాలి, గైడు రాత్రిళ్లు పనిచేయమంటే చేయాలి, తోటి మగవాళ్ల దృష్టి మరల్చకూడదు. మూడో షరతు చదివి మా చెల్లె పెద్దగా నవ్వింది. ఆ కమల 1939లో కేంబ్రిడ్జిలో పిహెచ్‌డి తీసుకుంది.

అన్నా మణి కథకు మాత్రం నవ్వలేదు. 1940లో రామన్ ప్రయోగశాలలో చేరి వజ్రాలు, కెంపుల వెలుగును పరిశీలించింది. ఒక్కో ఫోటో ప్లేటుకు పదిహేను, ఇరవై గంటలు వెలుగు పట్టించాల్సి వచ్చేది. రాత్రిళ్లు అక్కడే. ఒంటరిగా అయిదు పేపర్లు రాసింది. 1945లో థీసిస్ సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదని మద్రాసు యూనివర్సిటీ డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె ఇంగ్లండు వెళ్లి వాతావరణ పరికరాల పని నేర్చుకుని, 1948లో తిరిగొచ్చి వాతావరణ శాఖలో చేరింది. ఎండనూ గాలినీ కొలిచే పరికరాలు ఈ దేశంలోనే తయారు కావడం వెనుక ఆమె చెయ్యి ఉంది. "మరి నాకు ఎమ్మెస్సీ ఉంది గదా" అంది చెల్లె మెల్లగా.

బిభా చౌధురి 1936లో కలకత్తాలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసినప్పుడు ఆ బ్యాచిలో ఆమె ఒక్కతే ఆడది. డి.ఎం. బోస్‌తో కలిసి కొండల మీద ఫోటో ప్లేట్లు పెట్టి విశ్వకిరణాల జాడలు పట్టింది. 1949లో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన మొదటి మహిళా పరిశోధకురాలు ఆమే. మన దగ్గర చిలుకూరి శాంతమ్మ గారు 1956లో ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ అధ్యాపకురాలిగా చేరి, రిటైరయ్యాక, తొంభై దాటినా పాఠం చెప్పారు. ఈ పేర్లన్నీ పై కులాల, చదువుకున్న కుటుంబాల పేర్లేనా అని చెల్లె అడగలేదు గాని నేను అడుక్కున్నాను. చాలామట్టుకు అవును. మా చిన్నమ్మ ఏడో తరగతి దాటలేదు.

చిన్నమ్మ ఇంకా కడుపులో ఉన్నప్పటి సంగతొకటి ఉంది. 1980 ఫిబ్రవరి 16న మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మీదుగా సాగింది. మునుగోడు వైపు మా అమ్మమ్మను పొద్దుటి నుంచే చీకటి గదిలో పెట్టారు. కత్తిపీట ముట్టొద్దు, పక్కకు తిరగొద్దు, బిడ్డకు గ్రహణమొర్రి వస్తుంది. అక్కడికి యాభై కిలోమీటర్లు కూడా లేని జాపాల-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల నలభై ఎనిమిది అంగుళాల టెలిస్కోపుంది, 1968 నుంచి. ఆ రోజు అమెరికా నుంచి కూడా శాస్త్రవేత్తలు వచ్చి అక్కడ కాచుకున్నారు. రెండు నిమిషాల చీకటి కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్లు అటు, అదే చీకటి తగలకుండా తలుపేసుకున్న అమ్మమ్మ ఇటు.

ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు అమ్మమ్మ మా ఇంట్లోనే ఉంది. చెల్లె ఆమె ముందు కూర్చుని నిమ్మకాయ, గిన్నె, టార్చిలైటుతో గ్రహణం చెప్పింది. చంద్రుడు అంత చిన్నగుండి సూర్యుణ్ణి ఎట్ల కప్పుతడో, అప్పుడే కరోనా అనే వెలుగు రింగు ఎందుకు కనపడుతదో. అమ్మమ్మ అంతా విని, "నిజంగ చుక్కలు కనపడ్డయంటనే? పక్కింటి ముసలోడు చూసిండట" అంది. "కనపడ్డయి అమ్మమ్మా." ఆమె చాలాసేపు టార్చిలైటును ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంది. "మొర్రి మీ అమ్మకు రాలె. గని నేను చూడకపోతిని" అంది.

ఎర్ర ప్రశ్నకు జవాబు తయారు చేసుకున్నాం. కోపంగా ఒకటి, నవ్వుతూ ఒకటి, "ఈ ప్రశ్న అబ్బాయిల్ని అడిగారా సార్" అని ఒకటి. ఏదీ నచ్చలేదు. చివరికి "ఈ ప్రాజెక్టు మూడేళ్లు. మూడేళ్లూ ఉంటాను" అన్నది రాసుకుంది.

బోర్డు నాలుగు తీగెల గురించే అడిగిందట. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పిందట. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. తిరుగు బస్సులో ఉండగా చిన్నమ్మ ఫోనుచేసి దేవరకొండ నుంచి సంబంధం వచ్చిందని చెప్పింది. వెయిటింగ్ లిస్టులో తన పేరు రెండోది. నోటుబుక్కు మా ఇంట్లోనే మర్చిపోయింది. వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూ ఉంది, అప్పుడొచ్చి తీసుకుంటానంది.