పాసుపుస్తకం నుంచి దిగుమతి ఫైలు వరకు: వర్తకుని లెక్కల్లో రెండో సాక్షి – గోపాలపట్నం నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వర్తకుని నగదు పుస్తకం, బ్యాంకు లెడ్జరు ఒకే వ్యవహారాన్ని రెండు చేతులు నమోదు చేసిన రెండు పుస్తకాలు. ఈ రెంటినీ సరిచూసే అవసరం నుంచే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక పుట్టింది. బ్యాంకు స్టేట్‌మెంటును అకౌంటింగు సాఫ్ట్‌వేర్‌లోకి నేరుగా దిగుమతి చేసుకునే పద్ధతి ఈ శ్రమను తగ్గించింది. అయితే దిగుమతిలో రెండు రకాలున్నాయి. ఒకటి సరిచూడటానికి చేసే దిగుమతి, రెండోది పద్దులనే పుట్టించే దిగుమతి. మొదటిది పాత సమన్వయానికి కొనసాగింపు కాగా, రెండోది వర్తకుని పుస్తకానికి ఉన్న స్వతంత్ర సాక్ష్య విలువను బలహీనపరుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పాసుపుస్తకం, సమన్వయ పట్టిక, జంటపద్దు విధానం, బ్యాంకుల కంప్యూటరీకరణ, టాలీ, గోపాలపట్నం.

1. ఉపోద్ఘాతం:

విశాఖపట్నం నౌకాశ్రయం 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. ఈ రెండు పెద్ద సంస్థల చుట్టూ రవాణాదారులు, గుత్తేదారులు, విడిభాగాల వర్తకులు, వారికి సరుకులమ్మే చిల్లర దుకాణదారులతో కూడిన చిన్న వ్యాపార ప్రపంచం ఒకటి పెరిగింది. సింహాచలం రైల్వే స్టేషన్‌ను ఆనుకొని ఉన్న గోపాలపట్నం అలాంటి వ్యాపారాలకు చోటిచ్చిన శివారు ప్రాంతం. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు అది నగరంలో భాగమైంది.

నౌకాశ్రయం, ఉక్కు కర్మాగారం వంటి సంస్థలకు సొంత లెక్కల విభాగాలున్నాయి. గోపాలపట్నం వంటి చోట దుకాణదారుకు ఉండేది ఒక గుమాస్తా, లేదా నెలకొకసారి కాగితాలు చూసే పన్ను సలహాదారు. బ్యాంకు స్టేట్‌మెంటు దిగుమతి అనే సాంకేతిక మార్పు ఎక్కువగా తాకింది ఈ స్థాయి వ్యాపారాన్నే. కాబట్టి ఆ మార్పు ఏమిచ్చిందో, ఏమి తీసుకుపోయిందో ఈ స్థాయిలోనే పరిశీలించడం సమంజసం.

2. రెండు పుస్తకాలు, రెండు చేతులు:

వెనిస్‌లో 1494లో అచ్చయిన లూకా పాచియోలీ గ్రంథం జంటపద్దు విధానాన్ని వివరించింది. ప్రతి వ్యవహారానికీ రెండు ముఖాలుంటాయన్నది దాని మూలసూత్రం. ఈ సూత్రం ఒక పుస్తకం లోపలే కాక, ఇద్దరి పుస్తకాల మధ్య కూడా వర్తిస్తుంది. వర్తకుడు బ్యాంకులో సొమ్ము కట్టినప్పుడు అతని పుస్తకంలో బ్యాంకు ఖాతా డెబిట్ అవుతుంది, ఎందుకంటే బ్యాంకు అతనికి బాకీ పడింది. అదే సొమ్ము బ్యాంకు పుస్తకంలో అతని ఖాతాకు క్రెడిట్ అవుతుంది. వాణిజ్యశాస్త్ర విద్యార్థి మొదటిసారి తడబడేది ఇక్కడే. పాసుపుస్తకంలో క్రెడిట్‌గా కనిపించేది తన పుస్తకంలో డెబిట్ ఎందుకైందన్న ప్రశ్నకు, అవి ఇద్దరి పుస్తకాలు కాబట్టి అన్నదే సమాధానం.

ఈ రెండు పుస్తకాల నిల్వలు ఒక తేదీన ఒకటిగా ఉండటం అరుదు. వర్తకుడు ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు చేరకపోవచ్చు. అతను వేసిన చెక్కు వసూలు కాకపోవచ్చు. బ్యాంకు తీసుకున్న రుసుము అతనికి తెలియకపోవచ్చు. ఈ తేడాలకు కారణాలు చూపుతూ ఒక నిల్వ నుంచి మరో నిల్వకు చేరేదే సమన్వయ పట్టిక. గుమాస్తా పాసుపుస్తకాన్ని, నగదు పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకొని, కలిసిన పద్దుకు టిక్కు పెట్టుకుంటూ పోయేవాడు. టిక్కు పడని పద్దులే అతని అసలు పని. వాటిలో కొన్ని కాలం తీర్చేవి, కొన్ని తన పొరపాట్లు, కొన్ని బ్యాంకు పొరపాట్లు. మోసం జరిగితే అది బయటపడే చోటు కూడా సాధారణంగా ఇదే.

3. పాసుపుస్తకం ఎవరిది?

ఈ ప్రశ్నకు న్యాయశాస్త్రం స్పష్టమైన జవాబిచ్చింది. బ్యాంకుకు, ఖాతాదారుకు మధ్య ఉన్నది ధర్మకర్త, లబ్ధిదారుల సంబంధం కాదని, ఋణగ్రస్తుడు, ఋణదాతల సంబంధమని 1848లో బ్రిటిష్ ప్రభువుల సభ ఫోలీ, హిల్ వివాదంలో నిర్ణయించింది. ఆ సూత్రాన్ని ఆధారం చేసుకొని బొంబాయి హైకోర్టు 1980ల తొలినాళ్లలో భాయిచంద్ గాంధీ ఆదాయపు పన్ను కేసులో పాసుపుస్తకం ఖాతాదారు లెక్కల పుస్తకం కాదని తీర్పిచ్చింది. అది బ్యాంకు పుస్తకాల్లో ఉన్న ఖాతాకు నకలు మాత్రమే. ఖాతాదారు ఆదేశం మేరకు బ్యాంకు రాసిపెట్టేది కాదు.

సాక్ష్య చట్టాలు ఈ విభజనను మరింత పదును చేశాయి. 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ప్రకారం బ్యాంకు లెడ్జరులోని పద్దుకు ధ్రువీకరించిన నకలు ఆ పద్దు ఉందనడానికి ప్రథమదృష్ట్యా సాక్ష్యంగా చెల్లుతుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం దీనిని సవరించి కంప్యూటరు ముద్రిత ప్రతులనూ ఈ పరిధిలోకి తెచ్చింది. అయితే వాటికి తగిన ధ్రువపత్రాలు జతపడాలి. వర్తకుని పుస్తకం సంగతి వేరు. క్రమంగా నిర్వహించిన పుస్తకంలోని పద్దు ప్రసక్తమే అయినా, అదొక్కటే మరొకరిపై బాధ్యత మోపడానికి చాలదని 1872 భారత సాక్ష్య చట్టం 34వ సెక్షన్ చెప్పింది. 1998లో వి.సి.శుక్లా కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ, పద్దుకు స్వతంత్ర సాక్ష్యం తోడు కావాలని స్పష్టం చేసింది. ఇక్కడ ‘స్వతంత్ర’ అన్న మాట కీలకం. వర్తకుని పుస్తకానికి బ్యాంకు పుస్తకం బలమివ్వగలిగేది రెండూ వేరువేరు చేతుల రాతలు అయినప్పుడే.

4. బ్యాంకు లెడ్జరు యంత్రంలోకి:

ఆంధ్ర ప్రాంతంలో ఆధునిక బ్యాంకింగు విస్తరణకు భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఒక ముఖ్య ఘట్టం. ఆ తరువాత ఆరు దశాబ్దాల పాటు లెడ్జరు, పాసుపుస్తకం రెండూ ప్రధానంగా చేతిరాతే. 1969లో జాతీయీకరణ తర్వాత శాఖలు, ఖాతాలు వేగంగా పెరిగి చేతిరాత లెడ్జర్లపై భారం పడింది. 1983లో బ్యాంకు యాజమాన్యాలకు, ఉద్యోగ సంఘాలకు మధ్య యాంత్రీకరణపై ఒప్పందం కుదిరింది. సి.రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన రిజర్వు బ్యాంకు కమిటీ 1984లో, ఆయన అధ్యక్షతనే ఏర్పడిన రెండో కమిటీ 1989లో నివేదికలిచ్చాయి. శాఖల్లోకి లెడ్జరు పోస్టింగు యంత్రాలు వచ్చాయి. 2000 తర్వాతి దశాబ్దంలో కోర్ బ్యాంకింగు విధానం శాఖల లెడ్జర్లను ఒకే కేంద్రంలో కలిపింది. 2004లో ఆర్‌టీజీఎస్, 2005లో నెఫ్ట్, 2016లో యూపీఐ మొదలయ్యాయి. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

వర్తకుని వైపు కూడా ఇదే కాలంలో మార్పు వచ్చింది. 1986లో శ్యామ్‌సుందర్ గోయెంకా, భరత్ గోయెంకా ప్రారంభించిన సంస్థ నుంచి వచ్చిన టాలీ క్రమంగా చిన్న వ్యాపారాల లెక్కలకు మారుపేరైంది. అందులో సమన్వయానికి ప్రత్యేకమైన తెర ఉండేది. గుమాస్తా అప్పటికే నమోదు చేసిన ప్రతి వోచరు ఎదుట బ్యాంకు తేదీని తానే వేసేవాడు. తేదీ పడనిది సమన్వయం కాని పద్దు. కాగితం మీది టిక్కు తెర మీది తేదీగా మారింది తప్ప పని స్వభావం మారలేదు.

5. దిగుమతి – రెండు రకాలు:

రెండు పుస్తకాలూ కంప్యూటర్లలో ఉన్నప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి చేతితో ఎందుకు రాయాలన్న ప్రశ్న సహజం. అంతర్జాతీయ బ్యాంకుల మధ్య స్విఫ్ట్ సంస్థ రూపొందించిన ఎంటీ 940 సందేశంలో ప్రారంభ నిల్వ, ఒక్కొక్క వ్యవహారం, ముగింపు నిల్వ నిర్దిష్ట స్థానాల్లో ఉంటాయి. 1997లో మైక్రోసాఫ్ట్, ఇన్‌ట్యూట్, చెక్‌ఫ్రీ సంస్థలు కలిసి ప్రకటించిన ఓఎఫ్‌ఎక్స్ చిన్న వినియోగదారులకూ ఇలాంటి ప్రమాణాన్ని అందించింది. చిన్న వర్తకుని చేతికి ఎక్కువగా వచ్చేది మాత్రం నెట్ బ్యాంకింగులో దిగే ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలు. అందులో నిలువు వరుసల క్రమం బ్యాంకును బట్టి మారుతుంది. ఎక్సెల్‌లో తెరిచి భద్రపరిస్తే చెక్కు సంఖ్య ముందున్న సున్నాలు పోవచ్చు. రోజు, నెల తారుమారు కావచ్చు. పదిహేను అంకెలు దాటిన ఖాతా సంఖ్య చివరి అంకెలు సున్నాలు కావచ్చు.

ఇవి జాగ్రత్తతో తీరే లోపాలు. అసలు విభజన మరోచోట ఉంది. మొదటి రకం దిగుమతిలో వోచర్లు ముందే ఉంటాయి. స్టేట్‌మెంటు వచ్చి వాటితో సరిపోలుతుంది, మిగిలినవి పరిశీలనకు నిలుస్తాయి. రెండో రకంలో వోచర్లు ఉండవు. స్టేట్‌మెంటులోని ప్రతి పంక్తీ ఒక వోచరుగా మారుతుంది. వివరణలోని పదాలను బట్టి సాఫ్ట్‌వేరు లేదా గుమాస్తా దానికి ఒక ఖాతా కేటాయిస్తారు. నెల చివర రెండు నిల్వలూ పైసాతో సహా కలుస్తాయి. అవి కలవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఒకే పుస్తకం.

6. స్టేట్‌మెంటు చెప్పనివి:

గోపాలపట్నం వంటి చోట సాధారణంగా ఎదురయ్యే మూడు సందర్భాల ద్వారా ఈ తేడాను ఊహించవచ్చు. ఒక భాగస్వామ్య సంస్థ కాంట్రాక్టు పనికి లక్ష రూపాయల బిల్లు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 1,18,000 రూపాయలు అడిగిందనుకుందాం. చెల్లించే కంపెనీ ఆదాయపు పన్ను కింద లక్షపై 2 శాతం మినహాయించి 1,16,000 పంపుతుంది. స్టేట్‌మెంటులో కనిపించేది ఈ చివరి అంకె ఒక్కటే. దాని నుంచే పద్దు పుట్టిస్తే, లక్ష రూపాయల ఆదాయం, 18,000 పన్ను బాధ్యత, తిరిగి రావలసిన 2,000 అనే మూడు వేరువేరు విషయాలు ఒక ముద్దగా కలిసిపోతాయి. బిల్లు నుంచి రాసిన పుస్తకంలో ఇవి మొదటి రోజే విడివిడిగా ఉంటాయి.

రెండోది చిల్లర దుకాణం. యూపీఐలో వచ్చిన ప్రతి సొమ్మునూ అమ్మకంగా చూపే నియమం పెడితే, బంధువు పంపిన చేబదులు కూడా అమ్మకమై పన్నుకు గురవుతుంది. గల్లాపెట్టెలో పడిన నగదు అమ్మకం మాత్రం ఈ పుస్తకంలోకి రానే రాదు.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. సరుకు పంపినవారికి ఇచ్చిన చెక్కు వారు బ్యాంకులో వేసేదాకా స్టేట్‌మెంటులో ఉండదు. స్టేట్‌మెంటు నుంచి పుట్టిన పుస్తకంలోనూ ఉండదు. పుస్తకం చూపే నిల్వను నమ్మి ఆ సొమ్ము వాడుకుంటే, తరువాత చెక్కు చెల్లకుండా తిరిగి వస్తుంది. 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద, నోటీసు ఇచ్చాక కూడా చెల్లించకపోతే అది శిక్షార్హమైన నేరం. ‘ఇచ్చిన, ఇంకా చేరని చెక్కులు’ అన్న సమన్వయ పట్టికలోని పాత పంక్తి వర్తకుణ్ణి కాపాడింది ఇలాంటి స్థితి నుంచే.

7. సాక్ష్య విలువ:

ఇప్పుడు మూడో భాగంలోని ప్రశ్నకు తిరిగి రావాలి. స్టేట్‌మెంటు నుంచి పుట్టిన పద్దు ఏ తరగతికి చెందుతుంది? ధ్రువపత్రం లేని ఫైలు నుంచి వచ్చింది కాబట్టి అది బ్యాంకు పుస్తకానికి ధ్రువీకృత నకలు కాదు. వ్యవహారం జరిగినప్పుడు వర్తకుడు తన ఎరుకతో రాసినదీ కాదు. దానికి తోడుగా బ్యాంకు స్టేట్‌మెంటునే చూపితే, ఒకే సాక్షి రెండుసార్లు మాట్లాడినట్లవుతుంది.

కంపెనీలు వాడే అకౌంటింగు సాఫ్ట్‌వేరు ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేయాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పద్దును ఎప్పుడు మార్చారో ఆ నమోదు చెబుతుంది. పద్దు ఏ ఆధారంతో పుట్టిందో అదొక్కటే చెప్పలేదు. పైగా ఆ నిబంధన కంపెనీలకే. ఏక యాజమాన్య దుకాణాలకు, భాగస్వామ్య సంస్థలకు వర్తించదు. 2021లో ఆచరణలోకి వచ్చిన అకౌంట్ అగ్రిగేటర్ విధానం ఖాతాదారు సమ్మతితో బ్యాంకు సమాచారాన్ని యంత్రం నుంచి యంత్రానికి చేరుస్తోంది. ఫైలు తారుమారయ్యే లోపాన్ని ఇది తగ్గించగలదు. రెండో పుస్తకం లేని లోపాన్ని మాత్రం తీర్చలేదు.

8. ముగింపు:

బ్యాంకు స్టేట్‌మెంటు దిగుమతి చరిత్రను కేవలం శ్రమ తగ్గిన చరిత్రగా చూడటం అసమగ్రం. టిక్కు నుంచి తేదీకి, తేదీ నుంచి స్వయంచాలక సరిపోలికకు సాగిన మార్పు సమన్వయ సంప్రదాయంలోనే ఉంది. స్టేట్‌మెంటునే పుస్తకంగా మార్చడం ఆ సంప్రదాయాన్ని దాటి చేసిన పని. సమన్వయానికి రెండు పక్షాలు కావాలి. బిల్లు, రసీదు, ఇచ్చిన చెక్కు ఆధారంగా వోచరు ముందు రాసి, ఆ తరువాత స్టేట్‌మెంటును దిగుమతి చేసుకునే చిన్న దుకాణం యంత్రం ఇచ్చే వేగాన్ని, పాత గుమాస్తా ఇచ్చిన రక్షణను రెంటినీ నిలుపుకొంటుంది. వాణిజ్యశాస్త్ర బోధనలో సమన్వయ పట్టికను కాలం చెల్లిన పాఠంగా వదలక, దిగుమతితో కలిపి బోధించవలసిన అవసరం ఇందుకే ఉంది. సాఫ్ట్‌వేరు రెండు నిల్వలనూ కలిపి చూపినప్పుడు, కలిసినవి నిజంగా రెండు పుస్తకాలేనా అని విద్యార్థి అడగగలగాలి.