పత్తి విత్తనం ప్యాకెట్ 750కి ఎట్లా దిగింది?



దుకాణంలో పత్తి విత్తనం ప్యాకెట్ తీసుకోగానే మనం ముందు చూసేది ధర. ఇప్పుడు ఆ ధరకు ప్రభుత్వం పరిమితి పెడుతోంది. మొదటి నుంచీ ఇట్లాగే ఉందని మన పిల్లలు అనుకోవచ్చు. కాదు. దీని వెనక పెద్ద కొట్లాట ఉంది, అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే మొదలైంది.

1997-98లో పురుగు దెబ్బకు వరంగల్ పత్తి రైతులు ఎట్లా కూలిపోయారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందుకే 2002లో బీటీ పత్తికి అనుమతి రాగానే అందరం దాని వెంటే పడ్డాం. అందులోని జన్యువు అమెరికా కంపెనీ మోన్‌శాంటోది. ఇక్కడ మహికోతో కలిసి పెట్టిన కంపెనీ ద్వారా ఆ జన్యువును మన విత్తన కంపెనీలకు ఇచ్చి, ప్యాకెట్‌కు ఇంత అని రుసుము వసూలు చేసేది.

450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైమాటే. అందులో సుమారు 1,250 ఆ రుసుమే! ప్యాకెట్ మీద పేరు ఏ కంపెనీదైనా లోపలి జన్యువు ఒక్కరిదే. బేరం ఆడదామంటే రెండో దుకాణం లేదు. గుత్తాధిపత్యం అంటే ఇదే.

అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీలోని ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. వ్యవసాయ మంత్రి రఘువీరారెడ్డి. ఆ కమిషన్ 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద ఏర్పడింది. ప్రభుత్వం వాదన సూటిగా ఉంది: ఇదే జన్యువుకు చైనాలో తక్కువ తీసుకుంటూ ఇక్కడ ఇంత ఎందుకు? చైనాలో ఎందుకు తక్కువో చూడండి. అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలు సొంతంగా బీటీ పత్తి తయారుచేశారు. రైతుకు రెండో దారి ఉంది కాబట్టి ధర దిగింది.

2006 మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్యాకెట్‌కు 900 రుసుము తీసుకోవద్దు, చైనా లాంటి పొరుగు దేశాల్లో తీసుకుంటున్నట్టు సబబైన మొత్తం పెట్టుకోండి అంది. వెంటనే రాష్ట్రం ప్యాకెట్ ధర 750 అని ప్రకటించింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయింది గానీ స్టే దొరకలేదు. 2007లో మన రాష్ట్రం పత్తి విత్తనాల ధరల మీద సొంత చట్టమే చేసుకుంది. 2015 డిసెంబరులో కేంద్రం కూడా ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, 2016లో బీజీ-2 ప్యాకెట్ 800 అని, అందులో రుసుము 49 అని నిర్ణయించింది. 1,250 ఎక్కడ, 49 ఎక్కడ!

ఇంకో సంగతి. 1890లో అమెరికాలో షెర్మన్ చట్టం వచ్చింది. ఆధునిక గుత్తాధిపత్య నిరోధక చట్టాలకు అదే పెద్దన్న లాంటిది. అది రావడానికి రైలు కిరాయిల మీద, పెద్ద కంపెనీల కూటముల మీద అక్కడి రైతుల కోపం కూడా ఒక కారణం. ఆ దేశపు కంపెనీకే మనం అదే పాఠం చెప్పాల్సి వచ్చింది.

అయితే గెలిచేశాం అనుకోవద్దు. ధర తగ్గింది, పోటీ మాత్రం రాలేదు. వేరే జన్యువులకు అనుమతులు వచ్చినా మన చేలల్లో నిలిచింది దాదాపు ఆ ఒక్క కంపెనీ జన్యువే. ఇప్పుడు గులాబీ పురుగు దానికి కూడా లొంగడం లేదు. మారుద్దామంటే చేతిలో వేరే సరుకు లేదు. 2018లో మోన్‌శాంటోను జర్మనీ కంపెనీ బేయర్ కొనేసింది, అంటే చేతులు ఇంకా తగ్గాయి. 2016లో కాంపిటిషన్ కమిషన్ ఆ కంపెనీ మీద మొదలుపెట్టిన విచారణను 2023లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. పేటెంట్ గొడవలు పేటెంట్ చట్టం కిందే తేల్చుకోవాలంది.

అందుకే నా మాట ఒక్కటే. ధర తగ్గించమని అడగడం సగం పనే. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, నంద్యాల, లాం లాంటి పరిశోధనా కేంద్రాలు సొంత విత్తనం ఇవ్వాలని అడగడం మిగతా సగం. మన ఎమ్మెల్యే ఊరికొచ్చినప్పుడు బోరు, రోడ్డుతో పాటు ఈ ముక్క కూడా అడగండి. రెండో దుకాణం తెరుచుకున్న రోజే మన బేరం నిలుస్తుంది.