సర్వాంగ బలహీనత: నిర్ధారణ, నమోదు, కోడింగ్

శరీరంలో ఏదో ఒక భాగానికి పరిమితం కాకుండా ఒళ్లంతా సత్తువ తగ్గడాన్ని సర్వాంగ బలహీనత లేదా జనరలైజ్డ్ వీక్‌నెస్ అంటారు. ఇది వ్యాధి కాదు, లక్షణం. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, సోడియం తగ్గడం, ఇన్‌ఫెక్షన్లు, కుంగుబాటు, స్టాటిన్ మందులు మొదలుకొని మయస్థీనియా గ్రావిస్ వంటి అరుదైన జబ్బుల దాకా ఎన్నో కారణాలు దీని వెనుక ఉండవచ్చు.

ముందుగా తేల్చవలసింది, కండరంలో బలం నిజంగా తగ్గిందా, లేక బలం ఉన్నా అలసట వల్ల పని సాగడం లేదా అన్నది. "ఒంట్లో ఓపిక లేదు డాక్టరుగారూ" అనే మాట రెండింటికీ సరిపోతుంది కాబట్టి, ఏ పని చేయలేకపోతున్నారో అడగాలి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవలేకపోతే తుంటి, తొడ కండరాలను, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవకపోతే భుజం కండరాలను అనుమానించాలి. కండర బలాన్ని బ్రిటన్‌ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కొలమానంపై 0 నుంచి 5 వరకు గుర్తిస్తారు. 3 అంటే కాలో చెయ్యో ఎత్తగలరు గానీ, వైద్యుడు నొక్కితే నిలపలేరు. ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. దాన్ని వదిలేసి రక్తపరీక్షలకు చీటీ రాయడం సరైన పద్ధతి కాదు.

బలహీనత కాళ్లలో మొదలై రోజుల్లోనే పైకి పాకుతూ, సుత్తితో తట్టినా మోకాలు స్పందించకపోతే గీయాన్-బారే సిండ్రోమ్ కావచ్చు. ఊపిరి కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున అలాంటి రోగిని ఇంటికి పంపకూడదు.

కేస్‌షీటులో "నీరసం" అని ఒక్క ముక్క రాస్తే తర్వాత చూసే వైద్యుడికి ఏమీ తెలియదు. "15 రోజులుగా కాళ్లలో బలం తగ్గింది, రెండు తుంటి కండరాలూ 4/5, నీటిమాత్రలు వాడుతున్నారు, పొటాషియం 2.6, నిర్ధారణ: పొటాషియం లోపం" అని రాస్తే కథంతా కళ్లకు కడుతుంది.

అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న రోగనిర్ధారణ కోడ్ల పట్టిక ఐసీడీ-10-సీఎంలో బలహీనతకు ఆర్53.1, ఒళ్లంతా కండరాల బలహీనతకు ఎం62.81, అలసటకు ఆర్53.83, వయసుతో వచ్చే శారీరక క్షీణతకు ఆర్54 కోడ్లున్నాయి. ఆర్53.1, ఎం62.81 ఒకేచోట వేయకూడదు. పై ఉదాహరణలో వైద్యుడు కారణం రాశారు కాబట్టి ఈ87.6 వస్తుంది. ఆ లోపంలో భాగమైన బలహీనతకు విడిగా కోడ్ అక్కర్లేదు. అవుట్‌పేషెంట్ రికార్డులో "అయి ఉండవచ్చు" అని రాసిన జబ్బుకు కోడ్ వేయరు, లక్షణానికే వేస్తారు.

హైదరాబాదులో అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివే వేలమంది కోడర్లకు, వైద్యుడు కారణం రాయకపోవడం నిత్యం ఎదురయ్యే సమస్య. పొటాషియం అంకె కళ్లెదుట కనబడుతున్నా, వైద్యుడు జబ్బు పేరు రాయకపోతే కోడర్ తానుగా నిర్ధారించరాదు. వైద్యుడికి ప్రశ్న పంపి జవాబు తెప్పించుకోవాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2020 జనవరి నుంచి ఇంటివద్ద అందించే వైద్యసేవల చెల్లింపులో ఎం62.81ను ప్రధాన నిర్ధారణగా అంగీకరించడం లేదు. బలహీనతకు మూలమైన జబ్బును వైద్యుడు పేర్కొనవలసిందే.