టికెట్ల మనిషి

జేబీఎస్‌లో ఎక్కిన ఎక్స్‌ప్రెస్ ప్రజ్ఞాపూర్ దాటింది. మీకు దొరికింది ఒంటికాలి చోటు. కండక్టర్ మీ భుజం పక్కనుంచి దూరి వస్తున్నాడు: "ఆధార్ తీసి పట్టుకోన్రి అమ్మా, జీరో టికెట్ కొట్టాలె." మెషిన్ గరగరమంటూ ముక్క కక్కుతోంది. ఓ ముసలాయన ఐదొందల నోటిస్తే, మిగతా చిల్లర చూడకుండానే లెక్కపెట్టి చేతిలో పెట్టేశాడు.

ముందు సీట్లో ఆరేడేళ్ల పిల్లగాడు. తల్లి ఫోన్ వాడి ముఖానికి పట్టింది. "మంగోలియా?" "ఉలాన్‌బాతర్." "పెరూ?" "లిమా." చుట్టూ అబ్బో అంటున్నారు. ముసలాయన తేల్చేశాడు: "గీ పోరడు కలెక్టరైతడు." కండక్టరైతడని ఎవరంటారు? పైగా కండక్టర్ పక్కనే ఉన్నాడు.

ఈ బస్సెక్కి ఉంటే, ఒకప్పటి బాలమేధావి విలియం జేమ్స్ సైడిస్ ముందు చూసేది ఆ టికెట్టునే. 1909లో పదకొండేళ్లకే హార్వర్డ్‌లో చేరాడు. మరుసటి జనవరిలో అక్కడి గణితం క్లబ్బుకు నాలుగు కొలతల ఆకారాల మీద ఉపన్యాసమిచ్చాడు. పదహారేళ్లకు డిగ్రీ. పత్రికలవాళ్లు ఇంటి చుట్టూ మూగారు. పెద్దయ్యాక కోరుకున్నదేమిటంటే, కూడిక యంత్రం ముందు ఓ గుమాస్తా కుర్చీ. ఫలానా సైడిస్ ఇతనేనని ఆఫీసులో తెలిసిందంటే ఆ ఉద్యోగం మానేసి ఇంకోచోటికి. మిగిలిన తీరికలో ట్రాము మారేవాళ్లకిచ్చే ట్రాన్స్‌ఫర్ టికెట్లు పోగేశాడు. 1926లో మారుపేరుతో వాటిమీద ఏకంగా పుస్తకమే వేశాడు! పాడైపోయాడన్నారు. నాకైతే, మనసైన పనిలో మునిగిన మనిషే కనిపిస్తాడు.

1937లో న్యూయార్కర్ పత్రిక అతని అద్దెగదిదాకా వెళ్లి ఎగతాళిగా రాసింది. కేసు వేశాడు. ఒకప్పటి వింత బాలుడు ఏమయ్యాడో తెలుసుకోవాలన్న జనం ఆసక్తికే 1940లో అప్పీలు కోర్టు మొగ్గింది. పదకొండేళ్లవాడు జనానికి ఏం రాసిచ్చాడని? 1944లో, నలభై ఆరేళ్లకు, మెదడులో రక్తస్రావమై పోయాడు.

కుకునూరుపల్లి దగ్గర బస్సు నెమ్మదించింది. బతుకమ్మల, బోనాల బొమ్మలు గీసి దేశమంతా పేరు తెచ్చుకున్న కాపు రాజయ్య బతికింది ఇంకొంచెం ముందున్న సిద్దిపేటలోనే. అక్కడే డ్రాయింగ్ మాస్టారుగా ఉండేవాడు. ఆయన్ని పాడైపోయాడని ఎవరూ అనలేదు. చిన్నప్పుడు ఎవరూ ఫోన్ పట్టలేదు కాబట్టేనేమో.

"ఇగ ఫిజీ చెప్పు నాన్నా."

పిల్లగాడు కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. "అమ్మా, మక్క కంకి కొనియ్యవా?"

"ముందు ఫిజీ."

"సువా. ఇగ కొనియ్యి."

ఫోన్ ఇంకా రికార్డవుతూనే ఉంది. కండక్టర్ నోట్ల కట్టలోంచి ఇరవై తీసి కిటికీ బయటికి చాచాడు: "రెండియ్యి. పోరనికి ఒకటి, నాకొకటి."