నది అవతల ఆడిన ఫుట్‌బాల్

పోయిన వానాకాలం మా అబ్బాయి స్కూలు ఫుట్‌బాల్ జట్టులోకి ఎంపికయ్యాడు. ఆ సాయంత్రం బురద కాళ్లతోనే ఇంట్లోకి వచ్చి, "నాన్నా, మనవాళ్లు ఎవరైనా ఫుట్‌బాల్ ఆడారా? మా దోస్తులు ఇది బెంగాలీల ఆట, గోవావాళ్ల ఆట అంటున్నారు" అని అడిగాడు. నాకు వెంటనే నోటికొచ్చిన పేరు సి.కె. నాయుడు. బందరు మూలాలున్న కుటుంబం, పుట్టింది నాగపూర్‌లో, 1932లో లార్డ్స్ మైదానంలో భారత జట్టు ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్. విదర్భలో ఉండే తెలుగువాళ్లం ఎవరితోనైనా ఛాతీ విరుచుకుని చెప్పుకునే పేరు. "అది క్రికెట్ కదా నాన్నా" అన్నాడు వాడు. నిజమే.

అప్పుడు గుర్తొచ్చింది, జవాబు మన ఊరికి ఎంతో దూరంలో లేదని. వార్ధా నది అవతలే ఉంది.

చంద్రపూర్‌లో ఇప్పటి పిల్లలకు ఈ సంగతి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మన ఊరు అప్పుడు చాందా. బ్రిటిష్ వాళ్ల సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఒక జిల్లా కేంద్రం. బల్లార్షా దాటి వార్ధా నది దాటితే నిజాం రాజ్యం. ఇప్పుడు మనం స్కూటర్ మీద పోయి వచ్చే రాజురా అప్పట్లో హైదరాబాద్ సంస్థానంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. మా ఇంట్లో పెద్దవాళ్లు చాలా ఏళ్లు "అవతల నైజాం" అనే అనేవారు. నదికి ఇటు ఒక సర్కారు, అటు ఒక సర్కారు. రెండు వైపులా తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి, మరాఠీ మాట్లాడే ఇళ్లున్నాయి, గోండు మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి.

చదువు దగ్గరికి వచ్చేసరికి ఆ నది చాలా పెద్ద గీత అయిపోయేది. ఇటువైపు పిల్లవాడు మెట్రిక్ దాటి పైకి చదవాలంటే నాగపూర్ పోవాలి. అక్కడ హిస్లాప్ కాలేజీ, మారిస్ కాలేజీ ఉండేవి. 1923లో నాగపూర్ యూనివర్సిటీ వచ్చింది. అటువైపు పిల్లవాడు మాత్రం హైదరాబాద్ వైపు చూడాలి. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలో. దాని కింద హైదరాబాద్ నగరంలోనూ, వరంగల్, ఔరంగాబాద్ లాంటి చోట్లా ఇంటర్మీడియట్ కాలేజీలు నడిచేవి. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యేసరికి ఢిల్లీ నుంచి మద్రాసుకు నేరుగా దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ ఏడాదే మొదలైంది. అప్పటినుంచి చాందా, బల్లార్షా స్టేషన్లు నాగపూర్‌కూ హైదరాబాద్‌కూ మధ్య మజిలీలు అయిపోయాయి. ఈ రైలు సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

ఇక హైదరాబాద్ మైదానాల సంగతి. పక్కనే సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వాళ్ల పెద్ద కంటోన్మెంట్. తెల్ల పటాలాలు ఎక్కడుంటే అక్కడ ఫుట్‌బాల్ ఉంటుంది. దేశంలో ఆ రోజుల్లో పేరున్న పోటీలన్నీ పటాలాల చుట్టూ పుట్టినవే. సిమ్లాలో డ్యూరాండ్ 1888లో, బొంబాయిలో రోవర్స్ కప్ 1891లో మొదలయ్యాయి. చాలా ఏళ్లపాటు వాటిని గెలిచేది సైనిక జట్లే. మనవాళ్లకు బూట్లు లేవు, వట్టి కాళ్లే. బంతి కూడా ఇప్పటిలాంటిది కాదు. లోపల బ్లాడరు, పైన తోలు, తాడుతో బిగించి కుట్టిన మూతి. వాన పడితే తోలు నీళ్లు పీల్చుకుని బరువెక్కేది. పొడి నేల మీద వట్టి కాళ్ల కుర్రాళ్లు బూట్లవాళ్ల చుట్టూ తిరిగేవారు, బురదలో మాత్రం జారిపోయేవారు. ఆట సీజన్ ఏమో ఎక్కువగా వానాకాలమే!

1930ల్లో ఈ పరిస్థితి మారడం మొదలైంది. కలకత్తాలో మొహమ్మడన్ స్పోర్టింగ్ 1934 నుంచి 1938 వరకు వరుసగా ఐదేళ్లు లీగ్ గెలిచింది. తడి నేల మీద తేలికపాటి బూట్లు వేసుకుని ఆడటం వాళ్ల బలాల్లో ఒకటి. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు రోవర్స్ కప్ గెలిచిన మొదటి భారతీయ జట్టు అయింది, మరుసటి ఏడు మళ్లీ గెలిచింది. 1940లో డ్యూరాండ్ కప్పు కూడా మొహమ్మడన్ స్పోర్టింగ్ చేతికొచ్చింది. ఒక పక్క కలకత్తా, ఇంకో పక్క బెంగళూరు. మధ్యలో హైదరాబాద్ కాలేజీ కుర్రాళ్లు ఊరుకుంటారా?

హైదరాబాద్ కాలేజీల్లో ఒక తమాషా ఉండేది. నిజాం కాలేజీలో చదువు ఇంగ్లీషులో, అనుబంధం ఎక్కడో ఉన్న మద్రాస్ యూనివర్సిటీతో. మూసీ ఒడ్డున ఎర్రటి పెద్ద భవనంలో ఉన్న సిటీ కాలేజీ ఉస్మానియా కిందది, చదువు ఉర్దూలో. ఒకే ఊరు, రెండు భాషలు, రెండు యూనివర్సిటీలు. ఇక ఇంట్లో తెలుగో, మరాఠీయో, కన్నడమో, ఉర్దూయో మాట్లాడేవాళ్లు. పరీక్షల్లో ఒకరికొకరు ఎదురుపడే అవకాశం లేదు. మైదానంలో మాత్రం ఉంది.

ఆ ఉస్మానియా జట్టులో ఆడిన ఒక కుర్రాడి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. చదువు అయ్యాక బడిపంతులు అయ్యాడు, కాచిగూడ బడిలో, తర్వాత చాదర్‌ఘాట్ లాంటి బడుల్లో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లలను ఆడించే పని కూడా చేపట్టాడు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు, అందులో అజయ్ దేవగణ్ వేసింది ఈయన పాత్రే. కానీ సినిమా 1952 హెల్సింకి ఒలింపిక్స్ నుంచి మొదలవుతుంది. నేను చెప్పాలనుకున్నది అంతకు ముందు కథ.

కాలేజీ జట్టుకు ఉండే బలహీనత మనందరికీ తెలిసిందే. మూడు నాలుగేళ్లలో జట్టు ఖాళీ అయిపోతుంది. బాగా ఆడేవాడు డిగ్రీ పట్టుకుని ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోతాడు. ప్రతి ఏడాదీ మళ్లీ మొదటినుంచి మొదలు. సిటీ కాలేజీ కుర్రాళ్లు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. చదువుతున్నవాళ్లు, చదువు అయిపోయినవాళ్లు కలిసి ఒకే జట్టు కట్టారు. పేరు 'ఎలెవన్ హంటర్స్', అంటే పదకొండుగురు వేటగాళ్లు. కుర్రతనం ఆ పేరులోనే కనిపిస్తోంది కదా! తర్వాత దానికే సిటీ కాలేజీ ఓల్డ్ బాయ్స్ అని పెద్దమనిషి తరహా పేరు వచ్చింది. రహీం మాస్టారు పంతులు అయ్యాక కూడా ఆ జట్టుకు ఆడాడు. అప్పట్లో లీగులో మంచి పేరున్న కమర్ క్లబ్బుకు కూడా ఆడాడు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అసలు విషయం ఇదే. కాలేజీ గంట కొట్టాక కూడా ఇంటికి పోకుండా నిలబడిన కుర్రాళ్ల వల్లే ఆట నిలిచింది. పాత విద్యార్థి తన తర్వాత వచ్చినవాడికి బంతి ఎట్లా ఆపాలో చూపించాడు. ఆ తర్వాత వచ్చినవాడు ఇంకొకడికి చూపించాడు.

ఇక్కడే ఆ రైలు మళ్లీ వస్తుంది. 1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్లలో హిందూ విద్యార్థులు తమ ప్రార్థన సమయంలో వందేమాతరం పాడటం మొదలుపెట్టారు. యూనివర్సిటీ కూడదంది. విద్యార్థులు వినలేదు, సమ్మె చేశారు. వందలమంది పేర్లు కొట్టేశారు. ఆ ఉద్యమం వరంగల్ లాంటి మిగతా ఊళ్లకూ పాకింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆ పిల్లలను చేర్చుకోవడానికి ముందుకొచ్చింది మన నాగపూర్ యూనివర్సిటీ. పెట్టె, పరుపుచుట్ట పట్టుకుని ఆ కుర్రాళ్లు కాజీపేట మీదుగా, వార్ధా వంతెన దాటి, బల్లార్షా, చాందా స్టేషన్ల గుండా నాగపూర్ వెళ్లారు. తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు కూడా ఆ వందేమాతరం తరం విద్యార్థే, ఆయన కూడా నాగపూర్‌లో చదువుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, ఒక కాలేజీ జట్టు సంగతి ఏమవుతుంది? ఒకే హాస్టల్లో ఉండి, ఒకే గిన్నెలో అన్నం తిన్నవాళ్లు రెండు వైపులా నిలబడ్డ ఏడాది అది. వచ్చే సీజన్‌కు ఎవరు ఉంటారో, ఎవరు ఏ ఊళ్లో తేలతారో తెలియని రోజులు. మన పెద్దల్లో కొందరు ఆ వందేమాతరం కుర్రాళ్లను వీరులుగా చెప్తారు, సబబే. నేను ఇంకొకటి కూడా చెప్తాను. ఆ గొడవలో గెలిచిందెవరు, ఓడిందెవరు అని లెక్కలు వేసుకునేలోపే 1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చిపడింది. ఉస్మానియా కొత్త ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది కూడా ఆ ఏడాది డిసెంబరులోనే. భవనం నిండుగా ఉంది, కాలం మాత్రం బాగాలేదు.

అదే 1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కూడా ఏర్పడింది. 1943లో దాని కార్యదర్శి పని రహీం మాస్టారు భుజాన వేసుకున్నాడు. 1963లో కన్నుమూసేదాకా దించలేదు. కార్యదర్శి అంటే పెద్ద హోదా అనుకునేరు. పోటీల పట్టిక వేయడం, మైదానం అడగడం, రిఫరీని పిలవడం, జట్ల మధ్య తగువులు తీర్చడం. మన ఊళ్లో ఉగాది సంబరానికి హాలు మాట్లాడి, చందాలు వసూలు చేసి, చివరికి కుర్చీలు కూడా తనే సర్దే మనిషి ఒకరుంటారు చూడండి, అట్లాంటి పని.

ఆయన పంతులుగారి బుర్ర ఇక్కడ బాగా పనిచేసింది. బంతిని ఒంటరిగా నడిపించుకుపోవడం కూడదనే నియమంతో పోటీలు పెట్టాడు, అప్పుడు తోటివాడికి బంతి ఇవ్వక తప్పదు. అలవాటు లేని కాలితోనే తన్నాలనే నియమంతో పోటీలు పెట్టాడు, అప్పుడు రెండో కాలు కూడా పనికొస్తుంది. ఎత్తు తక్కువున్న పిల్లలకు వేరే పోటీలు పెట్టాడు, లేకపోతే పెద్దవాళ్ల మధ్య వాళ్లకు బంతి అందదు. బళ్లో ఎక్కాలు చెప్పించినట్టు ఆటను చెప్పించాడు.

ఫలితం అందరికీ తెలిసిందే. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి భారత్ బంగారు పతకం తెచ్చుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అది ఇప్పటికీ మన దేశానికి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఉత్తమ స్థానం. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియా మీద 2–1తో గెలిచి మళ్లీ ఆసియా బంగారం. అప్పటికే రహీం మాస్టారును క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రాలేదు.

మా అబ్బాయికి ఇదంతా రెండు మూడు రాత్రులు భోజనాల దగ్గర చెప్పాను. వాడు ఒక ప్రశ్న వేశాడు. "రహీం సార్ ఇంట్లో ఉర్దూ కదా నాన్నా, మరి మనవాళ్లు అంటావేంటి?"

నేను కాసేపు ఆగాల్సి వచ్చింది. చంద్రపూర్‌లో మనం తెలుగువాళ్లం, బళ్లో మరాఠీ, బజారులో హిందీ. తెలంగాణకు పోతే "మహారాష్ట్రోళ్లు" అంటారు. రాజురా వాళ్లయితే ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిపోయారు. నది గీతలాగే ఈ "మనవాళ్లు" అనే గీత కూడా ఎవరో ఎప్పుడో గీసిందే. వాడికి ఇట్లా చెప్పాను: "మూసీ ఒడ్డున ఒకే మైదానంలో ఉర్దూ కుర్రాడు బంతి ఇస్తే తెలుగు కుర్రాడు, తెలుగు కుర్రాడు ఇస్తే మరాఠీ కుర్రాడు అందుకునే ఆట అది. నీ జట్టులో నీకు బంతి ఇచ్చేది ఎవరు?" వాడు పేర్లు చెప్పాడు. అందులో ఒక్కటీ తెలుగు పేరు కాదు. చెప్పాక వాడే నవ్వాడు.

ఒక్క మాట చదివేవాళ్లకు. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే, వాళ్ల నాన్నలు ఏ కాలేజీలో చదివారో, ఏ రైలెక్కారో, ఏ ఆట ఆడారో ఒకసారి అడిగి రాసిపెట్టండి. కాలేజీలు మార్కులు దాస్తాయి గానీ, సాయంత్రం నాలుగు తర్వాత జరిగింది దాచవు. ఆ పని ఇంటివాళ్లదే. ఎలెవన్ హంటర్స్ కుర్రాళ్లు చదువు అయిపోయాక కూడా మైదానం వదలలేదు కాబట్టే ఇంత కథ మిగిలింది. ఊరు వదిలి వచ్చిన మనకు ఆ పాఠం ఇంకాస్త ఎక్కువ అవసరం.

వచ్చే ఆదివారం మా అబ్బాయి జట్టుకు బల్లార్షాలో మ్యాచ్ ఉంది. వాన పడేట్టుంది. బూట్లు మాత్రం కొనిచ్చాను.