మైనపు బొమ్మల ముందు మోగిన పాట

‘బ్లాక్ వ్యాక్స్’ 1982లో తీసిన కచేరీ సినిమా. నిడివి దాదాపు గంటా ఇరవై నిమిషాలు. దర్శకుడు రాబర్ట్ మగ్గీ. చోటు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ‘వ్యాక్స్ మ్యూజియం’ అనే నైట్‌క్లబ్. వేదిక మీద నల్లజాతి కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరాన్, ఆయన మిడ్‌నైట్ బ్యాండ్.

వాళ్లు వాయించేది జాజ్, ఫంక్ కలిసిన సంగీతం. అది వట్టి డాన్సు సంగీతమే కదా అనుకోకండి. లయకు కాళ్లు కదులుతుండగానే మాట లోపలికి దిగుతుంది. డప్పు ఎరిగినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా?

అప్పటి కాలం గుర్తు చేసుకుందాం. 1981 జనవరిలో రీగన్ అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాదే పేదల ఫుడ్ స్టాంపులకు కోత పడింది. ఒకప్పటి సినిమా నటుడు దేశాన్ని పాత కాలానికి తీసుకుపోతున్నాడని ‘బీ-మూవీ’లో గిల్ ఎండగట్టాడు. ఆ పాటను రీగన్ కూర్చున్న ఊళ్లోనే, కెమెరా ముందు వినిపించాడు.

ఆ ఊరు ఎవరిది? 1980 జనాభా లెక్కల్లో వాషింగ్టన్‌వాసుల్లో పదింట ఏడుగురు నల్లవాళ్లు. కానీ ఆ దేశపు కాంగ్రెస్‌లో ఆ నగరానికి ఓటు హక్కున్న ప్రతినిధి ఒక్కడూ లేడు. నేటికీ లేడు. తెల్ల పాలరాతి భవనాల వెనకున్న ఆ రెండో వాషింగ్టన్‌ను గిల్ వీధుల్లో నడుస్తూ మనకు చూపిస్తాడు.

తర్వాత మైనపు బొమ్మల మధ్యకు వస్తాడు. అక్కడ అధ్యక్షులున్నారు, జాన్ వేన్ ఉన్నాడు, చంద్రుడి మీద నడిచిన ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్, మార్టిన్ లూథర్ కింగ్ కూడా ఉన్నారు. ఈ డుబోయిస్‌కే 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాశారు. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ ప్రతి కావాలని అడిగారు. డుబోయిస్ జవాబిచ్చారు.

మైనపు బొమ్మ ప్రశ్న వేయదు. పాలకులకు చనిపోయిన నాయకులు ముద్దొచ్చేది అందుకే. గిల్‌కు మాత్రం కింగ్ బొమ్మ కాదు. కింగ్ పుట్టినరోజును జాతీయ సెలవు చేయాలని స్టీవీ వండర్ చేసిన 1980-81 పర్యటనలో ఆయన కూడా పాడాడు. 1968లో కింగ్ హత్య జరిగిన కొద్ది రోజులకే మొదలైన డిమాండ్ అది. 1983 నవంబర్ 2న ఆ చట్టం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది ఎవరికి? రీగన్‌కే.

ఇంకో సంగతి. ఈ సినిమాకు డబ్బు పెట్టింది అమెరికా కాదు, బ్రిటన్‌లో అప్పుడే మొదలైన చానల్ 4. ఎవరో ఖర్చు పెట్టారు, కెమెరా తిరిగింది, 2011లో గిల్ పోయినా ఆ రాత్రి మిగిలింది.

1985లో కారంచేడు తర్వాత మన సభల్లో ఎన్ని గొంతులు లేచాయి! వాటిలో ఎన్ని రికార్డయ్యాయి? ఆనాటి గాయకులు ఇంకా మన పేటల్లో ఉన్నారు. మీ చేతిలో ఫోనుంది. వెళ్లి కూర్చోండి, పాడించండి, ఎవరు కట్టిన పాటో, ఏ సభలో పాడారో అడిగి రాసుకోండి. వాళ్లు పోయాక బొమ్మ పెట్టగలం. గొంతు తేలేం.